శనగగింజంత గడ్డ: పొట్టలో ‘నెట్’ అని రిపోర్టు వస్తే వరుసగా చేయాల్సిన పనులు

8 మిల్లీమీటర్లంటే శనగగింజంత. అంత ‘నెట్’ గడ్డ, అంటే హార్మోన్ కణాల్లో పుట్టే గడ్డ, అపెండిక్స్ కొసన దొరికితే, అపెండిక్స్ తీసేయడంతో వైద్యం దాదాపు అయిపోయినట్టే. అదే గింజంత గడ్డ చిన్నపేగు చివర, ఇలియంలో దొరికితే, పక్కనున్న లింఫ్ గ్రంథుల్లోకి అప్పటికే పాకి ఉండొచ్చు. అందుకే ఈ జబ్బులో ‘చిన్నదే కదా’ అని ఊరుకోవడమూ తప్పే, ‘క్యాన్సర్ అట’ అని కంగారుపడి అవసరం లేని పెద్ద ఆపరేషన్‌కు ఒప్పుకోవడమూ తప్పే. గడ్డ ఎక్కడ పుట్టింది, ఎంత వేగంగా పెరుగుతోంది, గోడలో ఎంత లోతుకు దిగింది అన్నవి ముందు తేలాలి. సైజు వాటితో కలిపి చూడాల్సిన అంకె.

న్యూరోఎండోక్రైన్ ట్యూమర్‌ను డాక్టర్లు పొట్టిగా ‘నెట్’ అంటారు. పొట్ట, పేగుల లోపలి పొరలో అక్కడక్కడా హార్మోన్లు తయారుచేసే కణాలుంటాయి. ఆ కణాల్లో పుట్టే గడ్డ ఇది. పాత రిపోర్టుల్లో, కొందరు డాక్టర్ల నోట ఇప్పటికీ ‘కార్సినాయిడ్’ అనే మాట వినిపిస్తుంది. జర్మన్ పాథాలజిస్టు జీగ్‌ఫ్రీడ్ ఓబెర్న్‌డోర్ఫర్ 1907లో పెట్టిన పేరు అది. చూడ్డానికి క్యాన్సర్‌లా ఉన్నా అంత ప్రమాదం కాదని ఆయన అప్పట్లో అనుకున్నాడు. ఇవి కూడా పాకగలవని 1929లో ఆయనే దిద్దుకున్నాడు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ‘కార్సినాయిడే, భయం లేదు’ అని ఎవరైనా అంటే, ఏ చోటి కార్సినాయిడ్ అని అడగండి.

ముందు బయాప్సీ రిపోర్టు

రిపోర్టును ఆఖరి వాక్యం దగ్గర ఆపకుండా మొత్తం చదవండి. గడ్డ ఏ అవయవంలోది, సైజు ఎన్ని మిల్లీమీటర్లు, గోడలో ఏ పొర దాకా దిగింది, కోసిన అంచుల్లో కణాలు మిగిలాయా, సన్నటి రక్తనాళాల్లోకి గానీ లింఫ్ నాళాల్లోకి గానీ చొరబడిందా, ఇవన్నీ రాసి ఉండాలి. సినాప్టోఫిసిన్, క్రోమోగ్రానిన్ అనే రెండు రంగు పరీక్షల ఫలితం ఉండాలి. ఇది హార్మోన్ కణాల గడ్డేనని ఖాయం చేసేవి అవి. కొన్ని ల్యాబుల్లో ఐఎన్‌ఎస్‌ఎం1 అనే మూడోది కూడా చేస్తారు.

అన్నిటికన్నా ముఖ్యమైన అంకె కేఐ-67. వంద గడ్డ కణాల్లో ఎన్ని విభజనకు సిద్ధంగా ఉన్నాయో చెప్పే శాతం అది. 3 శాతం కన్నా తక్కువైతే గ్రేడ్ 1, 3 నుంచి 20 దాకా గ్రేడ్ 2, 20 దాటితే గ్రేడ్ 3. దీనికి తోడు 2 చదరపు మిల్లీమీటర్ల మేరలో విభజన జరుగుతున్న కణాలను కూడా లెక్కపెడతారు. 2 కన్నా తక్కువ, 2 నుంచి 20, 20 పైన అన్నవి అక్కడి హద్దులు. రెండు లెక్కలూ వేర్వేరు గ్రేడ్లు చూపిస్తే ఎక్కువ గ్రేడే లెక్కలోకి వస్తుంది.

ఇక్కడ తరచూ జరిగే పొరపాట్లు రెండు. కేఐ-67ను రంగు ఎక్కువ పట్టిన చోట కనీసం 500 కణాలను లెక్కపెట్టి చెప్పాలి. కంటి అంచనాతో ‘సుమారు 2–5 శాతం’ అని రాసిస్తే అది గ్రేడ్ 1 అవుతుందో 2 అవుతుందో ఎవరూ చెప్పలేరు. అలాంటప్పుడు కచ్చితమైన అంకె కావాలని ల్యాబును అడగాలి. రెండోది, కెమెరా పరీక్షలో చిటికెడు ముక్క మాత్రమే తీసి ఉంటే అందులో 500 కణాలే ఉండకపోవచ్చు. గడ్డ మొత్తం తీశాక గ్రేడ్ పెరిగే సందర్భాలు ఉన్నాయి కాబట్టి చిన్న ముక్క మీద వచ్చిన గ్రేడ్‌ను తాత్కాలికం అనుకోవాలి.

‘వెల్ డిఫరెన్షియేటెడ్’ అనే మాట ఉందో లేదో కూడా చూడండి. కణాలు తమ అసలు రూపాన్ని చాలావరకు నిలుపుకున్నాయని దానర్థం. దాని బదులు ‘పూర్లీ డిఫరెన్షియేటెడ్ న్యూరోఎండోక్రైన్ కార్సినోమా’ అని ఉంటే అది వేరే జబ్బు. వేగంగా పాకుతుంది, వెంటనే కీమోథెరపీ ఆలోచించాలి, ఇక్కడ చెప్పే నిదానపు లెక్కలేవీ దానికి వర్తించవు. అపెండిక్స్‌లో ‘గాబ్లెట్ సెల్’ అని వచ్చినా అంతే, దాన్ని ఇప్పుడు నెట్ కింద లెక్కించరు.

అనుమానం ఉంటే, ఈ గడ్డలను తరచూ చూసే పాథాలజిస్టుకు రెండోసారి చూపించండి. కాగితం పంపితే సరిపోదు. ముక్కను మైనంలో బిగించి దాచిన పారఫిన్ బ్లాక్, గాజు స్లైడ్లు అడిగి తీసుకోవాలి. ఎండాకాలంలో బ్లాకును కారు డాష్‌బోర్డు మీద పెట్టొద్దు, మైనం కరుగుతుంది.

జీర్ణాశయంలో దొరికితే

ఒకే గడ్డకు మూడు రకాల వైద్యం ఉండేది ఇక్కడే. ఏ రకమో తేల్చకుండా ఆపరేషన్ టేబుల్ ఎక్కకూడదు.

ఎక్కువగా కనిపించేది మొదటి రకం. ఒంట్లోని రోగనిరోధక శక్తే జీర్ణాశయపు పొరను తినేస్తూ వస్తుంది. యాసిడ్ తయారవడం ఆగిపోతుంది. యాసిడ్ లేదని గాస్ట్రిన్ అనే హార్మోన్ అదేపనిగా పెరుగుతుంది. ఆ గాస్ట్రిన్ తాకిడికి చిన్న చిన్న బొడిపెలు పుడతాయి, చాలాసార్లు ఒకటి కన్నా ఎక్కువ. ఇవి పాకడం అరుదు. 1 సెంటీమీటరు లోపు ఉంటే కనిపెట్టుకుని ఉండొచ్చు, అంతకన్నా పెద్దవాటిని కెమెరాతోనే తీసేస్తారు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి ఎండోస్కోపీ చేయించుకుంటూ ఉండాలి. వీళ్లకు బీ12 తగ్గి రక్తహీనత, కాళ్ల తిమ్మిర్లు రావడం మామూలు. ఐరన్, థైరాయిడ్ కూడా చూపించాలి. రెండో రకం అరుదు. వేరేచోట గాస్ట్రిన్ తయారుచేసే గడ్డ ఉండి, యాసిడ్ విపరీతంగా ఊరేవాళ్లలో వస్తుంది. సాధారణంగా మెన్-1 అనే వంశపారంపర్య జబ్బుతో ముడిపడి ఉంటుంది. మూడో రకంలో గాస్ట్రిన్ మామూలుగా ఉంటుంది, గడ్డ ఒక్కటే ఉంటుంది. ప్రమాదకరమైనది ఇదే. చిన్నగా, గ్రేడ్ 1గా ఉన్నవి కొన్ని కెమెరాతో తీయగలిగినా, చాలావాటికి జీర్ణాశయ క్యాన్సర్‌కు చేసే ఆపరేషనే అవసరం.

రకం తేలాలంటే కెమెరా పరీక్ష చేసేటప్పుడే బొడిపె నుంచి ఒక ముక్క, బాగానే ఉన్నట్టు కనిపించే పొర నుంచి, అంటే జీర్ణాశయం నడుమ భాగం నుంచి, కింది భాగం నుంచి విడివిడిగా ముక్కలు తీయాలి. ఈ రెండోది మర్చిపోవడంతో రకం తెలియని రిపోర్టులు చాలా వస్తుంటాయి. దాంతోపాటు పరగడుపున గాస్ట్రిన్, బీ12, వీలైతే జీర్ణాశయపు రసం పీహెచ్ చూడాలి.

పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్రలు, అంటే పాంటోప్రజోల్, రబెప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి, గాస్ట్రిన్‌నూ, నెట్‌కు గుర్తుగా రక్తంలో కొలిచే క్రోమోగ్రానిన్-ఏనూ రెండింటినీ పెంచేస్తాయి. మన ఇళ్లలో ఈ మాత్రను ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లు ఎందరో. అది వేసుకుంటూ రక్తమిచ్చి, అంకె ఎక్కువ వచ్చిందని నిద్ర పోగొట్టుకున్నవాళ్లూ ఎందరో. పరీక్షకు రెండు వారాల ముందు ఆపాలి. మంట తట్టుకోలేకపోతే ఈలోగా ఫామొటిడిన్ వాడి, దాన్ని కూడా ఒక రోజు ముందు ఆపొచ్చు. కానీ రెండో రకం అనుమానం ఉన్నవాళ్లు, అల్సర్ రక్తస్రావం అయినవాళ్లు సొంతంగా ఆపకూడదు. ఆపితే యాసిడ్ ఒక్కసారిగా ఎగసి పేగుకు రంధ్రం పడే ప్రమాదం ఉంది. వాళ్ల విషయంలో డాక్టరే ఎలా చేయాలో చెబుతారు.

ఆంత్రమూలం, అంటే డుయోడినమ్‌లో 1 సెంటీమీటరు లోపు గడ్డను కెమెరాతో తీయొచ్చు. రెండు మినహాయింపులు: పైత్యనాళం తెరుచుకునే చోట ఉన్నది, గాస్ట్రిన్ తయారుచేసేది. ఈ రెండూ అర సెంటీమీటరు ఉన్నప్పుడే లింఫ్ గ్రంథుల్లోకి పాకగలవు.

చిన్నపేగు: సైజును నమ్మకూడని చోటు

ఇలియంలోని గడ్డ ఏళ్ల తరబడి మాట్లాడదు. అప్పుడప్పుడూ మెలిపెట్టే నొప్పి, ఉబ్బరం, తిన్నాక బరువు. ‘గ్యాస్’ అని కొన్నాళ్లు, ‘ఐబీఎస్’ (గడ్డేమీ లేకుండానే పేగు ఇబ్బంది పెట్టే జబ్బు) అని కొన్నేళ్లు గడిచిపోతాయి. గడ్డ పేగులో చిన్నగానే ఉండి, పేగును పట్టి ఉంచే పొరలో, అంటే మెసెంటరీలో, గ్రంథి పెద్దదైపోతుంది. సీటీలో అది సైకిల్ చక్రం ఇరుసులా నడుమ ముద్దగా, చుట్టూ పుల్లల్లాంటి గీతలతో కనిపిస్తుంది. గడ్డ వదిలే రసాయనాలకు చుట్టుపక్కల కండ నారలా బిగుసుకుపోవడం వల్ల ఆ రూపం వస్తుంది. ఆ బిగువు పేగును మడతపెడుతుంది, రక్తనాళాన్ని నొక్కుతుంది. తిన్న అరగంటకు నొప్పి వచ్చేది అందుకే.

ఆపరేషన్‌కు ముందు సర్జన్‌తో మాట్లాడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇలియం గడ్డలు చాలామందిలో ఒకటి కన్నా ఎక్కువ ఉంటాయి, కొన్ని మెంతిగింజంతే ఉంటాయి. స్కాన్‌లో కనిపించవు. పేగును మొదటి నుంచి చివరి దాకా చేతివేళ్ల మధ్య జారవిడుస్తూ తడిమితేనే తగులుతాయి. అందుకే పూర్తిగా లాప్రోస్కోపీతో చేసి, పేగును బయటికి తీసి తడమకుండా ముగిస్తే వెనక కొన్ని మిగిలిపోవచ్చు. లాప్రోస్కోపీ చేసినా చిన్న కోత నుంచి పేగును బయటికి తెచ్చి తడుముతారా అని అడగండి. మెసెంటరీలోని గ్రంథులు కూడా తీయాలి, కనీసం 8 గ్రంథులైనా పాథాలజిస్టు చేతికి చేరాలి. రిపోర్టులో ‘0/2’ అని ఉంటే గ్రంథులు శుభ్రంగా ఉన్నాయని ధీమా పడటానికి లేదు, చూసినవే రెండు మరి.

ఇలియం చివరి భాగం పోయాక బీ12 ఒంటికి పట్టదు, ఇంజెక్షన్ కావాల్సి రావొచ్చు. ఇంకొకటి, పైత్యరసం తిరిగి పీల్చుకునే చోటు అదే. అది పోతే పైత్యరసం పెద్దపేగులోకి జారి నీళ్ల విరేచనాలవుతాయి. చాలామంది దీన్ని జబ్బు తిరగబెట్టిందని అనుకుని బెంబేలెత్తుతారు. కొలెస్టిరమీన్ పొడితో తగ్గితే అది పైత్యరసపు విరేచనమే.

అపెండిక్స్

‘ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి’ అని ఆపరేషన్ చేస్తే, వారం తర్వాత బయాప్సీలో అనుకోకుండా బయటపడేది ఇది. తీసిన ప్రతి అపెండిక్స్‌నూ బయాప్సీకి పంపించాలని మేం గట్టిగా చెప్పేది ఇందుకే. పంపకపోతే విషయమే తెలియదు.

1 సెంటీమీటరు లోపు ఉండి, పూర్తిగా తీసేసి ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. స్కాన్లు, ఏటేటా పరీక్షలు కూడా అక్కర్లేదు. 2 సెంటీమీటర్లు దాటితే పెద్దపేగు కుడి భాగం తీసే ఆపరేషన్ గురించి ఆలోచించాలి. 1–2 మధ్యలో ఉన్నవాటి మీదే ఇన్నాళ్లూ వాదన. గడ్డ అపెండిక్స్ మొదట్లో ఉంటే, పక్కనున్న కొవ్వులోకి 3 మిల్లీమీటర్ల కన్నా లోతుకు దిగితే, నాళాల్లోకి చొరబడితే, గ్రేడ్ 2 అయితే కొందరు పెద్ద ఆపరేషన్ చెప్పేవారు. యూరప్‌లోని పలు ఆసుపత్రుల రోగులను ఏళ్ల తరబడి గమనించి 2023లో వెలువరించిన ఫలితాల్లో, ఈ 1–2 సెంటీమీటర్ల గడ్డలకు పెద్ద ఆపరేషన్ చేసినవాళ్లకూ చేయనివాళ్లకూ ఆయుష్షులో తేడా కనపడలేదు. గడ్డ పూర్తిగా తీసేసి ఉంటే, వయసులో ఉన్నవాళ్లకు రెండో ఆపరేషన్ చెప్పినప్పుడు తొందరపడకుండా ఈ విషయం ఎత్తి అడగడం మంచిది.

పురీషనాళం

కొలొనోస్కోపీలో నున్నగా, పసుపు ఛాయలో, పైపొర కిందినుంచి ఉబ్బినట్టు కనిపించే బొడిపె. పాలిప్ అనుకుని ఉచ్చు వేసి లాగేస్తారు. కానీ పాలిప్ పైపొరలో ఉంటుంది, ఇది పొర కింద ఉంటుంది. మామూలు ఉచ్చుతో లాగితే పైన టోపీ మాత్రం వచ్చి అడుగు మిగిలిపోతుంది. ‘అంచుల్లో కణాలున్నాయి’ అని రిపోర్టు రావడానికి ఇదే కారణం.

ముందే అనుమానం వస్తే, మాటిమాటికీ ముక్కలు తీయకపోవడం మంచిది. మచ్చ కట్టి తర్వాత పూర్తిగా తీయడం కష్టమవుతుంది. 1 సెంటీమీటరు దగ్గరగా గానీ అంతకన్నా పెద్దగా గానీ ఉంటే ముందు లోపలి అల్ట్రాసౌండ్‌తో ఎంత లోతుకు దిగిందో, పక్కన గ్రంథులున్నాయో చూడాలి. ఆపైన రబ్బరు బ్యాండు వేసి పైకి లాగి కోసే పద్ధతిలోనో, పొర కింద చీల్చి ఒకే ముక్కగా తీసే ఈఎస్‌డీ పద్ధతిలోనో తీయాలి. ఒకే ముక్కగా రావడమే ముఖ్యం. ముక్కలు ముక్కలుగా వస్తే అంచులు చూడలేం. పాలిప్ అనుకుని తీసేశాక రిపోర్టు వస్తే, ఆ మచ్చ మానిపోయి కనపడకుండా పోయేలోపు దాని పక్కన రంగు గుర్తు వేయించి, మచ్చనే తిరిగి కోసి తీయించాలి.

1 సెంటీమీటరు లోపు, గ్రేడ్ 1, అంచులు శుభ్రం అయితే పాకే ప్రమాదం చాలా తక్కువ. 1–2 మధ్య పెరుగుతుంది. 2 దాటితే సగం మందికి పైగా గ్రంథుల్లోకో లివర్‌కో వెళ్లి ఉంటుంది.

డబ్బు వృథా కాకుండా ఒక మాట. పురీషనాళపు నెట్లు చాలావరకు సెరటోనిన్ అనే హార్మోన్‌ను తయారుచేయవు, క్రోమోగ్రానిన్ కూడా అంతగా ఉండదు. కాబట్టి దీనికి మూత్రంలో 5-హెచ్‌ఐఏఏ (సెరటోనిన్ కరిగితే మిగిలే పదార్థం) పరీక్ష, రక్తంలో క్రోమోగ్రానిన్ పరీక్ష చేయించి ‘నార్మల్’ వచ్చిందని సంతోషించడంలో అర్థం లేదు. బయాప్సీలో క్రోమోగ్రానిన్ రంగు పట్టకపోయినా కంగారు అక్కర్లేదు, సినాప్టోఫిసిన్ పట్టితే చాలు.

24 గంటల మూత్రం: మన వంటింట్లోనే చిక్కు

ఇలియం గడ్డ ఉన్నవాళ్లకు, ముఖ్యంగా అది లివర్‌లోకి పాకి అక్కడ మచ్చలున్నవాళ్లకు, ఈ పరీక్ష కావాలి. సెరటోనిన్ ఒంట్లో కరిగి మిగిలే పదార్థమే 5-హెచ్‌ఐఏఏ. తినే తిండిలోని సెరటోనిన్ కూడా అందులోకే చేరుతుంది కాబట్టి మూడు రోజుల ముందు నుంచీ, తీస్తున్న రోజంతా పథ్యం ఉండాలి.

అరటిపండు, అరటికాయ కూర, అనాస, టమాటా, వంకాయ, అక్రోటు, కివీ, అవకాడో, ప్లమ్ మానేయాలి. టమాటా అంటే కూర మాత్రమే అనుకుంటారు. చారులో పిసికిన ముక్క, పప్పులో వేసింది, టిఫిన్ పక్కన పచ్చడి, సాంబారు, సాస్ కూడా లెక్కే. గుత్తివంకాయ సరే, పులుసులో పడ్డ రెండు వంకాయ ముక్కలూ లెక్కే. ఆ నాలుగు రోజులూ సొరకాయ, బీరకాయ, దొండకాయ, పెసరపప్పు, మజ్జిగ, చింతపండు చారుతో సరిపెట్టుకుంటే సులువు. కాఫీ, టీ కూడా మానండి. దగ్గు సిరప్‌లోని గ్వైఫెనెసిన్, పారాసెటమాల్ అంకెను పెంచి చూపించొచ్చు. ఆస్పిరిన్, లీవోడోపా తగ్గించి చూపించొచ్చు. గుండెకు వాడే ఆస్పిరిన్, డిప్రెషన్ మాత్రలు మాత్రం అడగకుండా ఆపొద్దు.

పట్టే పద్ధతి ఇది. ఉదయం లేవగానే మొదటి మూత్రాన్ని పారబోసి ఆ సమయం రాసుకోండి, ఉదాహరణకు 6 గంటలు. అక్కడినుంచి పగలూ రాత్రీ వచ్చే ప్రతి మూత్రాన్నీ క్యానులో పోయాలి. మర్నాడు ఉదయం 6 గంటలకు వచ్చేదాన్ని కూడా పోసి ముగించాలి. క్యానులో ల్యాబు వాళ్లు ముందే యాసిడ్ పోసి ఇస్తారు. అందుకే నేరుగా అందులోకి పోయకూడదు, చర్మం కాలుతుంది. మగ్గులో పట్టి మెల్లగా వంచండి. క్యానును చీకట్లో, చల్లగా ఉంచాలి. ఒక్కసారి మర్చిపోయినా నిజం చెప్పి మళ్లీ మొదలుపెట్టండి. అదే క్యానులోని క్రియాటినిన్ కూడా కొలవమంటే, మూత్రం పూర్తిగా పట్టారో లేదో తెలిసిపోతుంది.

స్కాన్లు

సీటీ చేయించేటప్పుడు మూడు దశలది కావాలి. మందు ఎక్కించిన తొలి సెకన్లలో, ధమనుల దశలో, లివర్‌లోని నెట్ మచ్చలు మెరిసి కనపడతాయి. తర్వాతి దశలో లివర్‌తో కలిసిపోతాయి. మొదటి దశ తీయకపోతే ‘ఏమీ లేదు’ అని రిపోర్టు వస్తుంది. లివర్‌లోని బాగా చిన్న మచ్చలకు ఎంఆర్‌ఐ ఇంకా మేలు.

ఒళ్లంతా చూడ్డానికి గాలియం-68 డోటాటేట్ లేదా డోటానాక్ పెట్-సీటీ. మామూలు క్యాన్సర్లకు తీసే గ్లూకోజు పెట్ స్కాన్ నిదానంగా పెరిగే నెట్లలో తరచూ ఖాళీగా వస్తుంది, దాన్ని నమ్మి ఊరుకోవద్దు. ఈ గాలియం మందు, గడ్డ కణాల మీద సొమాటోస్టాటిన్ అనే హార్మోన్‌ను పట్టుకునే గ్రాహకాలకు అతుక్కుంటుంది. గ్రేడ్ ఎక్కువున్నప్పుడు రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టి చూడాల్సి రావొచ్చు. నెల ఇంజెక్షన్ (దీని గురించి కింద ‘లివర్‌కు చేరితే’లో ఉంది) తీసుకుంటున్నవాళ్లు తర్వాతి డోసుకు కాస్త ముందు స్కాన్ తీయించుకోవడం మంచిది. ప్లీహం, కిడ్నీలు, అడ్రినల్ గ్రంథులు, క్లోమం తల భాగం మామూలుగానే వెలుగుతాయి. క్లోమం తలలో ‘కొత్త గడ్డ’ అని రిపోర్టు వస్తే, ఈ సహజ వెలుగేమోనని ఒకసారి నెట్లు చూసే నిపుణుడికి చూపించాకే భయపడండి.

అపెండిక్స్‌లో 7 మిల్లీమీటర్లు, పురీషనాళంలో 6 మిల్లీమీటర్లు ఉండి శుభ్రంగా తీసేసినవాళ్లకు ఈ ఖరీదైన స్కాన్ అవసరం లేదు.

లివర్‌కు చేరితే

పేగుల రక్తమంతా పోర్టల్ సిర ద్వారా ముందు లివర్‌కే వెళుతుంది. కణాలు తొలుత ఆగేది అక్కడే. గడ్డ పేగులో ఉన్నంతకాలం అది వదిలే సెరటోనిన్‌ను లివర్ విరిచేస్తుంది. లివర్‌లోనే మచ్చలు పుట్టాక ఆ రసాయనాలు నేరుగా గుండె కుడివైపుకు చేరతాయి. కార్సినాయిడ్ సిండ్రోమ్ మొదలయ్యేది అప్పుడే. ముఖం, మెడ, ఛాతీ మీద చెమట లేని వేడి సెగ. చామనఛాయ ఒంటి మీద ఎరుపు కనపడకపోవచ్చు, ‘సెగ కొట్టినట్టుంది’ అని రోగి చెప్పేదే గుర్తు. నలభై దాటిన ఆడవాళ్లలో దీన్ని ముట్లు ఆగే వయసు ఆవిర్లని తోసేస్తారు. విరేచనాలు రాత్రి నిద్రలో కూడా లేపుతాయి, తినకపోయినా ఆగవు. ఐబీఎస్‌లో సాధారణంగా అలా జరగదు. మద్యం, కారం, కడుపు నిండా తిన్న భోజనం సెగను రేపుతాయి.

సెరటోనిన్ ఎక్కువున్నవాళ్లందరికీ ఏడాదికోసారి గుండె ఎకో, గుండె మీది భారాన్ని చూపే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ రక్తపరీక్ష చేయాలి. కుడివైపు కవాటాలు గట్టిపడి కాళ్ల వాపుతో బయటపడేసరికి ఆలస్యమవుతుంది. ఆహారంలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని సెరటోనిన్ తయారీకి గడ్డ లాగేసుకోవడంతో బీ3 విటమిన్ తగ్గుతుంది. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పొలుసులు రేగితే బీ3 మాత్ర, అంటే నికోటినమైడ్ అడగండి.

వైద్యంలో మొదటి మెట్టు నెలవారీ ఇంజెక్షన్: ఆక్ట్రియోటైడ్ ఎల్‌ఏఆర్ 20–30 మిల్లీగ్రాములు లేదా లాన్రియోటైడ్ 120 మిల్లీగ్రాములు, 28 రోజులకోసారి. సెగ, విరేచనాలు తగ్గించడంతో పాటు గడ్డ పెరుగుదలను కూడా నెమ్మదింపజేస్తాయని 2009లో, 2014లో వచ్చిన రెండు పెద్ద పరీక్షలు చూపించాయి. ఖరీదైన ఈ మందు చెడిపోయేది ఎక్కువగా ఇచ్చే తీరు వల్లే. ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టే అరలో పెట్టకూడదు. ఆక్ట్రియోటైడ్ పొడిని కలిపే ముందు అరగంటైనా బయట ఉంచి గది వేడికి రానివ్వాలి. ద్రవం పోశాక పొడి పూర్తిగా తడిసేదాకా ఆగి, పెట్టెలోని కాగితంలో చెప్పినట్టే కలిపి, వెంటనే పిరుదు కండరంలో లోతుగా ఇవ్వాలి. కలిపి పక్కన పెడితే అడుగుకు దిగి సూది బిగుసుకుపోతుంది, సగం మందు సిరంజిలోనే ఉండిపోతుంది. కండరానికి బదులు కొవ్వులో పడితే ఉండ కడుతుంది, మందు సరిగా పట్టదు. లాన్రియోటైడ్ కలిపే పని లేకుండా సిరంజిలోనే వస్తుంది, చర్మం కింద లోతుగా, సూది మొత్తం దిగేలా, నెమ్మదిగా ఇవ్వాలి. ప్రతి నెలా వైపు మార్చాలి. ఈ మందుల మీద పిత్తాశయంలో రాళ్లు రావొచ్చు, షుగర్ అటూ ఇటూ కావొచ్చు. తెల్లగా, జిడ్డుగా, నీళ్ల మీద తేలే మలం వస్తే అది క్లోమరసం తగ్గడం. దానికి ఎంజైము మాత్రను భోజనం తర్వాత కాకుండా మొదటి ముద్దతో వేసుకోవాలి.

లివర్‌లో కొన్నే మచ్చలుంటే కోసి తీయడం, కాల్చడం, రక్తనాళంలోంచి మందు పంపి మూసేయడం ఉన్నాయి. గాలియం స్కాన్‌లో గడ్డలన్నీ బాగా వెలిగి, ఇంజెక్షన్ మీద కూడా పెరుగుతుంటే, గడ్డకు అతుక్కుని లోపలినుంచే రేడియేషన్ ఇచ్చే లుటీషియం-177 చికిత్స: 7.4 గిగాబెకరెల్ చొప్పున 8 వారాలకోసారి, నాలుగుసార్లు. ముంబై టాటా మెమోరియల్, ఢిల్లీ ఎయిమ్స్ లాంటి చోట్ల చేస్తారు. దాంతోపాటు కిడ్నీల రక్షణకు ఎక్కించే అమైనో ఆమ్లాలతోనే వాంతులు వస్తాయి, ముందే మందు అడగండి. ఇంటికొచ్చాక చంటిపిల్లలకు, గర్భిణులకు ఎన్నాళ్లు ఎంత దూరం ఉండాలో రాయించుకోండి. మూత్రానికి కూర్చునే వెళ్లి, నీళ్లు రెండుసార్లు కొట్టాలి. ఎవెరోలిమస్ లాంటి మాత్రలు ఆ తర్వాతి మెట్టు.

మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి

సిండ్రోమ్ ఉన్నవాళ్లకు ఏ ఆపరేషన్ అయినా, లివర్ బయాప్సీ అయినా గడ్డ ఒక్కసారిగా రసాయనాలు కుమ్మరించి బీపీ పడిపోవచ్చు, విపరీతంగా పెరగొచ్చు. ‘నెట్ ఉంది, సెగ వస్తుంది, ఆక్ట్రియోటైడ్ చేతికి అందేలా ఉంచండి’ అని మత్తు డాక్టరుకు కాగితం మీద రాసివ్వండి. అడ్రినలిన్ కొందరిలో దీన్ని రేపుతుంది. పన్ను పీకే డాక్టరు వాడే మత్తుమందులో కూడా అది ఉంటుంది కాబట్టి అక్కడా చెప్పాలి.

ఎన్నేళ్లు చూపించుకోవాలి

అపెండిక్స్‌లో 1 సెంటీమీటరు లోపు అయితే అక్కర్లేదు. పురీషనాళంలో 1 సెంటీమీటరు లోపు గ్రేడ్ 1, అంచులు శుభ్రంగా ఉన్నా అక్కర్లేదు. జీర్ణాశయం మొదటి రకానికి ఎండోస్కోపీ సాగుతూనే ఉంటుంది. ఇలియం గడ్డ తీసినవాళ్లు మొదటి మూడేళ్లు 6–12 నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి, కనీసం పదేళ్లు. ఐదేళ్లు దాటితే గండం గడిచినట్టే అనే లెక్క దీనికి పనికిరాదు, ఎనిమిదో ఏట లివర్‌లో మచ్చ కనపడొచ్చు. అప్పుడు పక్కన పెట్టి పోల్చడానికి పాత స్కాన్ రిపోర్టు కాగితం చాలదు, బొమ్మలున్న సీడీ కావాలి. మొదటి బయాప్సీ నంబరు, బ్లాక్ ఏ ల్యాబులో ఉందో, కేఐ-67 అంకె, ఇంజెక్షన్ తేదీలు, సీడీలు ఒకే సంచిలో పెట్టి, ఆ సంచి ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చూపించి ఉంచండి.